నీళ్ళు ఎవరు వదులుతున్నారు?

మా ఆయన పోయాక కూడా మా వీధి కుళాయిలు ఒక్కరోజైనా ఎండలేదు. ఎవరైనా సంతోషించాల్సిన సంగతే. నాకు మాత్రం అనుమానం అక్కడే మొదలైంది. ఎందుకంటే ఆ నీళ్ళు వదిలే మనిషి మా ఆయనే.

నీటి సరఫరా ఆఫీసులో ఆయన వాల్వు ఆపరేటరు. పెద్ద ట్యాంకు కింద రెండు గదుల క్వార్టరు మాది. చీకటి విడకముందే లేచి, రోడ్డు వారనున్న ఇనుప మూత ఎత్తి, గుంటలోకి దిగి, లోపలున్న చక్రం తిప్పి మా వైపు వీధులన్నిటికీ నీళ్ళు వదిలేవాడు. ఎండ ఎక్కేసరికి మళ్ళీ దిగి కట్టేసేవాడు. చుట్టుపక్కల ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు, అందరికీ నీళ్ళాయనే. ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పుకుందామని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. ఒక బూటు చేతిలో ఉంది, ఇంకోటి కాలికే ఉంది. ఆ బాధ గురించి నేను ఎక్కువ చెప్పను. మొదలుపెడితే ఆపడం నా వల్ల కాదు.

సర్వీసులో ఉండగా ఉద్యోగి పోతే ఇంట్లో ఒకరికి కారుణ్య నియామకం కింద ఉద్యోగం ఇస్తారు. మా ఇంట్లో మిగిలింది నేనూ, మా అమ్మాయీ. అది నర్సింగు చదువుతోంది. చదువు మధ్యలో మాన్పించి దాన్ని గుంటలోకి దింపడానికి నాకు మనసొప్పలేదు. నేను పదో తరగతి పాసయ్యాను, ఒంట్లో సత్తువుంది. ఆయన పోస్టు నాకే ఇమ్మని దరఖాస్తు పెట్టాను. అది వస్తే ఇల్లు నిలుస్తుంది, పిల్ల చదువు నిలుస్తుంది. రాకపోతే క్వార్టరు ఖాళీ చేసి ఎక్కడికి పోవాలో నాకు తెలియదు. మా పుట్టింట్లో అన్నయ్య ఉన్నాడు కానీ, వాళ్ళింట్లో కుర్చీలే మనుషులకి సరిపోవు.

ఆఫీసుకి వెళితే సూపరింటెండెంటు గారు నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. ప్యూను కుర్చీ లాగాడు. టైపిస్టు అమ్మాయి తన బల్ల మీది ఫ్యాను నా వైపు తిప్పింది.

"మీ పని అయిపోయినట్టేనమ్మా," అన్నారు సూపరింటెండెంటు గారు. "పోస్టు ఖాళీగానే ఉంది. మీకు కాక ఎవరికిస్తాం? ధైర్యంగా ఉండండి."

ప్రభుత్వాఫీసులో మన వైపు ఫ్యాను తిప్పారంటే వెనకాల ఏదో ఉన్నట్టే. మా ఆయన అక్కడ పనిచేసినన్నాళ్ళూ నేను క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళేదాన్ని. ఒక్కరు తలెత్తి చూసేవారు కాదు. ఇప్పుడు ఒకరు టీ ఇస్తున్నారు, ఒకరు మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకుంటున్నారు. ఇంత మర్యాద నాకు జీర్ణం కాలేదు.

ఇంటికొచ్చి అమ్మాయితో అన్నాను. "పోస్టు ఖాళీగానే ఉందట."

"మంచిదేగా అమ్మా."

"ఖాళీగా ఉంటే పొద్దున్నే నీళ్ళు ఎవరు వదులుతున్నారే?"

అది పుస్తకంలోంచి తల ఎత్తి నా వంక జాలిగా చూసింది. "నీకు నాన్న మీద కూడా అనుమానమే. ఓవర్‌టైమ్ అంటే నిజంగా పనిలోనే ఉన్నాడా లేదా అని ట్యాంకు ఎక్కి చూసేదానివి."

"ఒక్కసారే ఎక్కాను."

"ఎక్కినదానివి దిగలేక అరిస్తే నాన్నే వచ్చి దింపాడు."

దానికి అన్నీ నవ్వులాటే. నేను మాత్రం మర్నాటి నుంచి కుళాయి దగ్గర కాపు కాశాను. మా ఆయన వదిలితే కుళాయి ముందు దగ్గుతుంది, గాలి పోతుంది, తర్వాత సన్నగా, ఆ తర్వాత నిండుగా వస్తుంది. ఇప్పుడు అలా రావడం లేదు. ఒకరోజు దబ్బుమని ఒక్కసారే వచ్చి బకెట్టు పగలగొట్టింది. ఒకరోజు ఎర్రగా తుప్పు రంగులో వచ్చింది. ఇంకోరోజు వచ్చి, ఆగి, భయపడుతున్నట్టు మళ్ళీ వచ్చింది. ఎవరో పని నేర్చుకుంటున్నారు. చేతిలో అరచెంబు నీళ్ళతో అక్కడే నిలబడిపోయాను. ఎవరినో తయారుచేస్తున్నారు. తయారయ్యాక నాకు మొండిచెయ్యి చూపిస్తారు.

ఆ ఎవరో ఎవరన్నది తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. పంపుహౌసులో మా ఆయనతో కలిసి పనిచేసే ఆపరేటరు ఒకడున్నాడు. వరసకి ఏమీ కాడు కానీ మా ఆయన్ని అన్నా అంటాడు, నన్ను వదినా అంటాడు, కాబట్టి నాకు మరిదే. రోజుకి రెండుసార్లు మా ఇంటికొచ్చి టీ తాగందే గడవనివాడు. మా ఆయన పోయిన తర్వాత మా గుమ్మం తొక్కడం మానేశాడు. వీధిలో ఎదురైతే రోడ్డు దాటి అటు పోతున్నాడు. పంపుహౌసు గచ్చు మీద నడిచేవాడి ప్యాంటుకి మోకాళ్ళ దాకా బురద ఎందుకుంటుంది? పైగా వాడికి ఒక బామ్మర్ది. ఏ పనీ లేకుండా, తల దువ్వుకుంటూ, బావ సైకిల్ మీద ఊరంతా తిరిగేవాడు. బామ్మర్దికి ఉద్యోగం వేయించమని ఆ ఇంట్లో రోజూ పోరు నడుస్తుందని నాకు బాగా తెలుసు. కథంతా నా కళ్ళకి కట్టినట్టు కనబడింది. మా ఇంట్లో టీ తాగి తాగి మా నోటి దగ్గరిదే లాక్కుంటున్నాడు.

"బాబాయ్ అలాంటివాడు కాదమ్మా," అంది అమ్మాయి.

"నువ్వు నర్సువి. నాడి చూసుకో, మనుషుల్ని నేను చూస్తాను," అన్నాను.

తెల్లారకముందే షాలు కప్పుకుని వెళ్ళి ట్యాంకు స్తంభం వెనక నక్కాను. మసక వెలుతురులో ఒక మనిషి వచ్చి ఇనుప మూత ఎత్తాడు. బామ్మర్ది కాదు. మీటర్లు చూసి రాసుకుపోయే ఆయన! పొట్ట గుంటలో పట్టక అవస్థ పడుతూ, మూలుగుతూ దిగాడు. మర్నాడు వెళితే ప్యూను గుంటలో ఉన్నాడు, పైన టార్చిలైటు పట్టుకుని టైపిస్టు అమ్మాయి నిలబడింది. ఆ పిల్ల నాకేసి ఫ్యాను తిప్పిన పిల్లే. అంటే ఒక్కడు కాదు, ఆఫీసు ఆఫీసంతా ఇందులో ఉంది. ఎవరి వాటా ఎంతో తెలియదు కానీ వాటా లేనివాడు లేడు.

ఆ మరుసటి రోజు మూత ఎత్తింది మరిది. దిగాడో లేదో నేను వెళ్ళి మూత సగం మూసి దాని మీద కాలు పెట్టాను.

"ఎవరది?" అని లోపల్నుంచి కేక వేశాడు.

"నేనే. నీ వదిన్ని. పైకి రాకు. ముందు నిజం చెప్పు, తర్వాత ఎక్కు."

"వదినా, మూత తియ్యి. నాకు చీకటంటే భయం."

"భయపడు. బామ్మర్దిని ఎప్పుడు దింపుతున్నావు ఇందులోకి?"

"వాడా? వాడు గుంటలో దిగుతాడా? వాడికి చొక్కా నలిగితేనే జ్వరం వస్తుంది."

"మరి ఇదంతా ఏంటి? మీటర్లాయన ఎందుకు దిగాడు? ప్యూనెందుకు దిగాడు?"

నేను మూత ఇంకాస్త జరిపాను. అప్పుడు గబగబా కక్కేశాడు.

"అన్న పోయిన రోజే అనుకున్నాం వదినా. నీళ్ళు ఆగితే జనం ఊరుకోరు. ఫిర్యాదులు పడతాయి. పైవాళ్ళు ఎవడో కాంట్రాక్టువాణ్ణి తెచ్చి పెడతారు. వాడు ఒకసారి గుంటలో దిగాడంటే ఇక నీకు ఆ పోస్టు రానట్టే. అందుకని నీ ఆర్డరు వచ్చేదాకా మేమే వంతులు వేసుకుని తిప్పుతున్నాం. సూపరింటెండెంటు గారికి కూడా తెలుసు, చూసీ చూడనట్టు ఊరుకున్నారు."

"నాకెందుకు చెప్పలేదు? నన్ను చూసి పారిపోతున్నావెందుకు?"

"మా డ్యూటీ వదిలేసి ఇంకొకరి డ్యూటీ చేస్తున్నామని తెలిస్తే మా ఉద్యోగాలకే ఎసరు. నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా. నీ ఎదుట నిలబడితే నువ్వు అడుగుతావు, నువ్వడిగితే నేను చెప్పేస్తాను."

నేను కాలు తీశాను. వాడు తల పైకి పెట్టాడు. జుట్టు నిండా బూజు. మా ఆయన పోయినప్పుడు అందరూ చూస్తుండగా నేను ఏడవలేదు. ఆ గుంట పక్కన, ఆ బూజు తల చూసి వెక్కి వెక్కి ఏడ్చాను. సిగ్గేసింది కూడా. ఇన్నాళ్ళూ మనసులో వాణ్ణి తిట్టని తిట్టు లేదు.

"మెల్లగా తిప్పు," అన్నాను ముక్కు తుడుచుకుంటూ. "సగం తిప్పి ఆగు. చివరి ఇంట్లో కుళాయి దగ్గాక మిగతా సగం తిప్పు. నువ్వు తిప్పిన రోజే నా బకెట్టు పగిలింది."

ఆ పొద్దున్న వాడికి రెండు టీలు ఇచ్చాను. కొన్నాళ్ళు మనసు తేలికగానే ఉంది. ఇంతమంది మంచివాళ్ళు ఒకే ఆఫీసులో ఎలా పోగయ్యారా అన్న శంక మాత్రం లోపల ఎక్కడో కలుక్కుమంటూనే ఉండేది.

తర్వాత ఒకరోజు సూపరింటెండెంటు గారు కబురు పెట్టారు. వెళ్ళేసరికి మరిది, మీటర్లాయన, ప్యూను, టైపిస్టు అమ్మాయి అందరూ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఒక్కరి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మీ ఫైలు మీద పై ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చారమ్మా," అన్నారు సూపరింటెండెంటు గారు. "కారుణ్య నియామకం ఇచ్చేముందు ఆ పోస్టు నిజంగా అవసరమా కాదా అని చూస్తారు. ‘నాలుగు నెలలుగా మనిషి లేడు కదా, మరి పనెలా నడుస్తోంది?’ అని అడిగారు. నేనేం చెప్పను? వీళ్ళు చేస్తున్నారంటే వీళ్ళ కొంప మునుగుతుంది. ‘ఎలాగో నడుస్తోంది సార్’ అన్నాను."

"అంటే?"

"‘నడుస్తోందంటే మనిషి అక్కర్లేదన్నమాట’ అన్నారాయన. ఫిర్యాదుల ఫైలు తెప్పించి చూశారు. ఒక్కటి లేదు. పోస్టు రద్దు చెయ్యమని రాస్తానన్నారు. రాసేముందు ఈ వారంలో ఒకసారి వీధిలోకి వచ్చి జనాన్ని అడుగుతారట."

"రద్దు చేస్తే నాకేమిస్తారు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పోస్టే లేకపోతే ఇవ్వడానికి ఏముంటుందమ్మా."

నా పొట్ట కొట్టింది శత్రువైతే జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చేదాన్ని. వీళ్ళనేం చెయ్యను? నడుములు పడిపోయేలా గుంటల్లో దిగి, నా కోసం, నా ఉద్యోగాన్ని తమ చేతుల్తోనే తిప్పి తిప్పి కట్టేశారు. టైపిస్టు అమ్మాయి వెక్కుతోంది. ఆ పిల్లని ఓదార్చే పని కూడా నాకే పడింది.

పంపుహౌసులో మోటార్ల రొదలో నిలబడి మరిదితో అన్నాను. "రేపట్నుంచి ఎవరూ దిగకండి. నీళ్ళు వదలకండి."

"జనం ఏం తాగుతారు వదినా?"

"వీధి చివర చేతిపంపుంది. ఆఫీసరు వచ్చేదాకానే కదా. జనం గగ్గోలు పెట్టాలి. ఆయన చెవుల్లో పడాలి."

"అన్న ఉంటే ఒప్పుకునేవాడా?"

ఆ మాట సూటిగా తగిలింది. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా మా ఆయన గుంటలో దిగడం మానలేదు. పిల్ల పుట్టిన పొద్దున కూడా చక్రం తిప్పి వచ్చాకే దాని మొహం చూశాడు.

"ఒప్పుకునేవాడు కాదు," అన్నాను. "ఒప్పుకోనివాడు లేడు కాబట్టే అడుగుతున్నాను."

వాడు సరేనన్నాడు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాడు. కావాలని ఆపామని వీధిలో ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే ఆఫీసులో అందరి ఉద్యోగాలూ పోతాయి. ఈసారి నువ్వుగింజ నానాల్సిందేనన్నాడు. నానిస్తానని మా అమ్మాయి మీద ఒట్టేశాను.

మర్నాడు కుళాయిలు రాలేదు. నేను తలుపు దగ్గర చెవి పెట్టి కూర్చున్నాను. ఇప్పుడు అరుస్తారు, ఇప్పుడు ఖాళీ బకెట్లు మోగిస్తారు, ఆఫీసు మీద పడతారు అని ఎదురుచూశాను. పాదాల చప్పుడు వినిపించింది. మెల్లగా తలుపు తీస్తే, గుమ్మంలో నిండా నీళ్ళతో ఒక బకెట్టుంది. పక్కింటి ఇస్త్రీ చేసే ఆమె తన కుళాయి వైపు కాదు, చేతిపంపు వైపు మళ్ళీ వెళుతోంది.

"నీకోసమే పెట్టానక్కా. ఒక్కదానివి అంతదూరం ఏం మోస్తావులే," అంది.

"నీళ్ళు రాలేదు కదే. ఆఫీసుకెళ్ళి అడగరా మీరు?"

"ఎందుకులే అక్కా. సర్దుకుంటాం."

ఇది సర్దుకుంటే ఎలా? ఎదురింటి దర్జీ దగ్గరికి వెళ్ళాను. అతనికి నోరు పెద్దది. చెత్తబండి ఒక్కరోజు రాకపోతే వార్డంతా వినిపించేలా తిడతాడు. మిషను తొక్కుతూ కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"ఫిర్యాదు చెయ్యవా అన్నా? ఇస్త్రీకి నీళ్ళు లేవు, తాగడానికి నీళ్ళు లేవు," అన్నాను.

"చెయ్యనమ్మా. పోయినాయన పోస్టు అది. మేం గొడవ చేస్తే ఇంకెవణ్ణో తెచ్చి పెడతారు, నీ ఉద్యోగానికి అడ్డం పడుతుంది. వీధిలో అందరం అనుకున్నాం. నీ ఆర్డరు వచ్చేదాకా ఎవరూ నోరు మెదపరు."

"ఎవరన్నారు అడ్డం పడుతుందని? నువ్వెళ్ళి గొడవ చెయ్యి. నేను చెబుతున్నాగా."

"నీది మంచి మనసమ్మా," అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి అతనికి. నాకు అతని మిషను ఎత్తి రోడ్డు మీద పారెయ్యాలనిపించింది.

రెండో రోజూ అంతే. నా గుమ్మంలో రెండు బకెట్లు. మూడో రోజుకి ఎవరో బిందె కూడా చేర్చారు. ఈ వీధిలో ఒక్క దుర్మార్గుడైనా లేడా అని ఇల్లంతా తిరిగాను. ఒక్కడుంటే చాలు, గడప దగ్గర నిలబడి మా ఆయన్ని, ఆఫీసుని, నన్ను కలిపి తిట్టిపోసేవాడు ఒక్కడుంటే చాలు, నా బతుకు బాగుపడుతుంది. అమ్మాయి ఆ నీళ్ళతోనే మొహం కడుక్కుంటూ అంది, "ఇన్నాళ్ళూ నీకు చెడ్డవాళ్ళే కనబడేవారు. ఇప్పుడు కావాలంటే ఒక్కడూ దొరకడం లేదు."

ఆ రోజే ఆఫీసరు గారు వచ్చారు. వెనక సూపరింటెండెంటు గారు, మరిది. ఆఫీసరు సన్నటి మనిషి. ఎదుటివాడి మాట చెవిలో పడకముందే నమ్మడం మానేసే రకమని చూడగానే తెలిసింది నాకు, నేనూ అదే రకం కాబట్టి. ఆయన బండి మలుపు తిరగడం చూసి, చేతిపంపు దగ్గర వరసలో ఉన్నవాళ్ళు బకెట్లు పట్టుకుని ఇళ్ళలోకి పరుగు తీశారు. క్షణంలో వీధి పెళ్ళికి తుడిచినట్టు తయారైంది. తలుపుల వెనక బకెట్లు దాచి, చేతులు తుడుచుకుని, అందరూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు.

"నీళ్ళు వస్తున్నాయా?" అని అడిగారాయన.

"వస్తున్నాయండీ," అంది ఇస్త్రీ ఆమె. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"ఏమైనా ఇబ్బంది?"

"ఏ ఇబ్బందీ లేదండీ. బంగారంలా వస్తున్నాయి," అన్నాడు దర్జీ. అందరూ తలలూపారు. ఊపుతూ నా వైపు చూసి కళ్ళతోనే ధైర్యం చెప్పారు.

ఆయన చేతిలోని అట్ట మీద ఏదో రాసుకున్నారు. మరిది మొహం తెల్లబోయింది. ఆ రాత పూర్తయితే నా పని పూర్తయినట్టే. ఒట్టు గుర్తుంది, కాళ్ళు మాత్రం ఆగలేదు. గబగబా వెళ్ళి దర్జీ ఇంటి ముందున్న కుళాయి తిప్పాను. బుస్సుమని గాలి వచ్చింది. చుక్క రాలేదు.

"మూడు రోజులుగా ఇంతే సార్. వీళ్ళంతా అబద్ధం చెబుతున్నారు."

"అక్కా!" అని ఇస్త్రీ ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నీ పొట్ట నువ్వే కొట్టుకుంటావా?"

"నువ్వూరుకో! మీ అందరి మంచితనంతో చచ్చిపోతున్నాను నేను." ఆఫీసరు గారి వైపు తిరిగాను. "మా ఆయన పోయాడు సార్. అంత మనిషి పోతే ఈ ఊళ్ళో చుక్క నీళ్ళు తగ్గలేదు. ఒక్క గొంతు ఎండలేదు. ఇన్నేళ్ళు ఆయన తెల్లారకముందే లేచింది ఎందుకు? ఉన్నా లేకపోయినా ఒకటే అనిపించుకోవడానికా?"

ఆఫీసరు గారు నన్ను తేరిపార చూశారు.

"మూడు రోజులుగా రాకపోతే, అంతకుముందు నాలుగు నెలలూ ఎలా వచ్చాయి?"

నేనైనా అదే అడిగేదాన్ని. ఆయన వెనక మరిది నోరు తెరవబోయాడు. ఒక్క చూపు చూశాను, మూసుకున్నాడు.

"నేనే వదిలాను," అన్నాను.

"నిన్నెవరు వదలమన్నారు?"

"ఎవరూ అనలేదు. పోస్టు నాకొస్తుందన్నారు. వచ్చేదాకా పాడవకుండా చూసుకుందామనుకున్నాను. మొన్నటితో ఓపిక అయిపోయింది, ఆపేశాను."

"చక్రం ఎన్ని చుట్లు తిప్పాలి?"

"ఎన్ని అని కాదండీ. సగం తిప్పి ఆగాలి. గాలి పోవాలి. చివరి ఇంట్లో కుళాయి దగ్గాక మిగతా సగం. ఒక్కసారే తిప్పితే జాయింట్లు ఊడతాయి."

ఆయన నా చేతుల వైపు చూశారు. తర్వాత మరిది చేతుల వైపు చూశారు. సూపరింటెండెంటు గారు ఎక్కడో ఆకాశంలో ఏదో వెతుకుతున్నారు. నా మాట ఒక్క ముక్క కూడా ఆయన నమ్మలేదని నాకు తెలుసు. ఒక అనుమానప్పక్షికి ఇంకో అనుమానప్పక్షి తెలియదా?

"నువ్వు వదిలావన్నది నేను రాయనమ్మా," అన్నారు చివరికి. "రాస్తే ఇక్కడున్న చాలామందిని చాలా అడగాల్సి వస్తుంది. నీళ్ళు రావట్లేదని ఒక్క ఫిర్యాదు ఉంటే చాలు. అప్పుడు ఈ పోస్టు అక్కర్లేదని రాయడానికి నాకు చెయ్యి రాదు. ఎవరిస్తారు?"

దర్జీ నేల చూపులు చూస్తున్నాడు. "పోయినాయన మీద మేమెలా ఇస్తామండీ," అంది ఇస్త్రీ ఆమె కళ్ళు ఒత్తుకుంటూ.

"నా పేరు రాసుకోండి," అన్నాను.

ఆయన రాసుకున్నారు. "ఎవరి మీద?"

"ఎవరి మీదైనా ఉండాలా?"

"పని చెయ్యనివాళ్ళు ఎవరని అడుగుతారమ్మా. ఖాళీగా వదిలేస్తే చెల్లదు."

అప్పటిదాకా కోపమే నన్ను నిలబెట్టింది. ఇప్పుడు దర్జీ ఇంటి అరుగు పట్టుకుని నిలబడ్డాను. అమ్మాయి వచ్చి నా భుజం కింద చెయ్యి వేసింది.

"మా ఆయన మీద," అన్నాను. "నీళ్ళు వదలకుండా వెళ్ళిపోయాడని రాయండి."